బట్టల అంగట్లో సరస్వతి

బట్టల దుకాణంలో కూర్చొని పుస్తకం చదవడమేమిటి, రచయితకు అంతకంటె గతిలేదా అని నా మిత్రులిద్దరు ఈమధ్య నన్ను నిలదీశారు. ఇద్దరూ భాషాప్రవీణులే. ఇద్దరూ నాకంటె ఎక్కువ చదువుకొన్నవారే. కనుక దాటవేయడానికి వీలులేక, కొంత వివరంగానే సమాధానం చెప్పవలసి వచ్చింది. ఆ చెప్పినదానినే ఇక్కడ వ్రాతలో పెడుతున్నాను. చదువరులు ఓపికతో చదివి, కాదనవలసిన చోట నిస్సంకోచంగా కాదనండి.

సంగతి ఇది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ పాత వరంగల్లు జిల్లా ఊళ్ళు. 2016 అక్టోబరు 11న, దసరానాడు, మూడూ జిల్లా కేంద్రాలైనాయి. కలెక్టరు కార్యాలయాలు వచ్చాయి, వాటి వెంట బట్టల దుకాణాలూ పెరిగాయి. వీటిలో అద్దాల మేడలవంటి పెద్ద దుకాణాలు ఒక తెగ. వాటి ప్రారంభానికి హైదరాబాదునుంచి సినిమా తార వస్తుంది, పోలీసులు త్రాళ్ళు కడతారు, ఒక పూట ఊరి రాకపోకలు ఆగిపోతాయి. రెండవ తెగ చిన్నవి. ఇంటి ముందుగదిలోనో, మెట్ల క్రింది మడిగెలోనో ఆడవారు నడుపుకొనేవి. చీరలు, రవికె గుడ్డలు, మగ్గం వర్కు, ఫాలు, పీకో. వీటిని బొటిక్కులంటున్నారు, మాట ఫ్రెంచివారిదైనా మన నోట బాగానే ఇమిడింది. పండుగలకు ముందు వీరు రెండు రోజులపాటు ప్రత్యేకంగా ప్రదర్శన, అమ్మకం పెట్టుకొంటారు. అమెరికాలో చిన్న ఊళ్ళ బొటిక్కులవారు అటువంటి సాయంకాలాలలో ఒక రచయితను పిలిచి, ఆయన పుస్తకంలోనుంచి నాలుగు పుటలు ఆయనచేతనే చదివించుకొని, ఆనాటి అమ్మకంలో కొంతభాగం ఊరి గ్రంథాలయానికో బడికో ఇచ్చే వాడుక ఉన్నది. ఆ ఆలోచన మన వైపునకూ ప్రాకింది. నన్ను రెండు చోట్ల పిలిచారు, రెండు చోట్లకూ వెళ్ళాను. మిత్రుల కోపానికి కారణం అదే.

వారి అభ్యంతరం పోతనతో మొదలైంది. అవుతుంది కూడా. బమ్మెర ఉన్నది జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనే కదా! (ఒంటిమిట్ట వాదం ఒకటున్నదని తెలుసు. దానిని ఇక్కడ తెరవవద్దని మనవి.) భాగవతాన్ని రాజుకియ్యక రామునకిచ్చిన కవి నడచిన నేలమీద, నీవు పోయి చీరల మడతల నడుమ కూర్చొని కథ చదువుతావా అని వారి ప్రశ్న. సరస్వతీదేవి కంట నీరు పెట్టుకోగా, నిన్ను అమ్ముకోను తల్లీ అని పోతన ఓదార్చిన చాటుకథను కూడా గుర్తుచేశారు.

ఆ కథను నేను ముప్పై ఏండ్లకు పైగా తరగతిలో చెప్పాను. పిల్లలు నోరు తెరచుకొని వింటారు. చెప్పిన ప్రతిసారీ నాకు ఒక విషయం మరింత తేటపడుతూ వచ్చింది. పోతన కాదన్నది అంకితాన్ని. కృతిని ఒక ప్రభువు పేర వ్రాసియిచ్చి, అవతారికలో ఆయన వంశాన్ని ఏడు తరాలవరకు పొగిడి, బదులుగా అగ్రహారమో మాడలో పుచ్చుకొనే ఒప్పందాన్ని ఆయన కాదన్నాడు. వినేవారిని కాదనలేదు, వినే చోటునూ కాదనలేదు. గజేంద్రమోక్షం పద్యాలు పొలం గట్లమీద, తిరుగళ్ళ దగ్గర, బడి మొగం చూడనివారి నోళ్ళలో కూడా నిలిచాయంటే, అవి అంతఃపురాలగుండా నడచి అక్కడకు చేరలేదు. సింగభూపాలుని పేర చెప్పబడే భోగినీ దండకం నిజంగా పోతనదే అయితే, ఆయన ఈ వ్యవహారాన్ని ఒకసారి లోపలినుంచి చూచి బయటకు వచ్చినవాడనీ అనుకోవచ్చు. పోతనది కాదనేవారున్నారు; అది వేరే తగవు.

పోతనకు బావమరదిని చేసి మనవారు ఎన్నో కథలల్లిన శ్రీనాథుని సంగతి చూడండి. ఆయన హరవిలాసాన్ని అంకితమిచ్చింది రాజుకు కాదు, మంత్రికీ కాదు. అవచి తిప్పయసెట్టి అనే వర్తకునకు. ఆ సెట్టి ఏమి అమ్మేవాడో అవతారికలో కవి పూసగ్రుచ్చినట్లు చెప్పాడు. కర్పూరం, కస్తూరి, ముత్యాలు, గుఱ్ఱాలు, ఏనుగులు. వీటితోబాటు చీనాదేశపు పట్టుబట్టలు. ఓడలమీద పట్టు దిగుమతి చేసికొన్న మనిషి ముందు కూర్చొని, శివుని విలాసాన్ని చదివి వినిపించిన కవి మనకొకడు ఉన్నాడన్నమాట. హరవిలాసం అంగడి సరకు అయిపోయిందని ఆరువందల ఏండ్లలో ఎవరైనా అన్నారా? నేను వినలేదు. ఇక్కడ మిత్రులలో ఒకరు, "అది శ్రీనాథునికి చెల్లింది" అన్నారు. ఆ మాట నిజమే. కాని చెల్లినది శ్రీనాథుని పేరువల్ల కాదు, కావ్యంవల్ల.

మా పాలకుర్తికే వస్తాను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఒకచోట బట్టల పేర్లు వరుసపెట్టి చెబుతాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆ పట్టికను ఎత్తి చూపి, కాకతీయుల కాలంలో మన నేత ఎంత విస్తరించి ఉన్నదో అనుకోవడానికి దానిని ఆధారం చేసికొన్నారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి బహుమతి ఆ గ్రంథానికే వచ్చింది. భూతిలకమట, మణిపట్టట, జయరంజియట, మహాచీనియట. వీటిలో ఏది ఎటువంటి బట్టో ఈనాడు నిఘంటువు కూడా తృప్తిగా చెప్పదు. "ఒక తెగ వస్త్రము" అని ఊరుకొంటుంది. ఆ మాటను చూచినపుడల్లా నాకు చికాకు. సోమనాథుడు శివభక్తుల కథ చెప్పడానికి కూర్చొన్నవాడు, బట్టల వ్యాపారి కాడు. అయినా ఆ పేర్లన్నీ ఆయనకు తెలుసు. ఎట్లా తెలుసునంటే, ఆయన అంగట్లో తిరిగాడు, నేతవారి గుంటమగ్గాల దగ్గర నిలబడ్డాడు, చేతితో తడిమి చూచాడు అనే అనుకొంటాను. పదమూడవ శతాబ్ది చివర ఈ రాజ్యాన్ని గూర్చి చెప్పిన మార్కోపోలో కూడా ఇక్కడి సన్నని బట్టను సాలెపురుగు గూటితో పోల్చాడు. కవికి నేత తెలిసిన కాలం అది. ఈనాడు కథ వ్రాసేవారిని అడగండి, పడుగు ఏది, పేక ఏది అని. నలుగురిలో ఒకరు చెబితే గొప్ప.

అయితే అసలు ఆధారం వేరే ఉన్నది. అది కావ్యాలలో లేదు. జనగామకు దగ్గరలోనే ఉన్న చేర్యాలలో ఉన్నది. జిల్లాలు మారినపుడు అది సిద్దిపేట జిల్లాలోకి పోయింది గాని, అంతకుముందు వరంగల్లు జిల్లాదే. చేర్యాల నకాషీ పటాలను ఇప్పుడు గోడకు తగిలించుకొనే బొమ్మలుగా కొంటున్నారు. అవి గోడకోసం పుట్టలేదు. ఖద్దరు గుడ్డకు గంజి పెట్టి, సుద్దమట్టి, చింతగింజల పిండి, బంక కలిపి పూతపూసి, ఆరిన తరువాత దానిమీద కులపురాణాన్ని గళ్ళుగళ్ళుగా చిత్రించి చుట్ట చుడతారు. కథకులు ఊరూరూ తిరిగి ఆ చుట్టను విప్పుతూ కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు. కూనపులివారు చెప్పేది మార్కండేయ పురాణం, భావనాఋషి కథ, అంటే బట్ట పుట్టిన కథ. ఎక్కడ చెబుతారు? నేతవారి వాడలో. ఎవరికి చెబుతారు? నేసేవారికి. దేనిమీద చెబుతారు? గుడ్డమీద. పగలంతా పోగులు సవరించిన చేతులు రాత్రికి ఒడిలో పెట్టుకొని, తమ పని ఎక్కడినుంచి వచ్చిందో ఆ జనం వినేవారు. పటం పాతదైపోతే పూజచేసి నీటిలో కలిపేవారు, మనిషి పోయినట్లే.

ఇందులో నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించేది ఇంకొకటి. కథకునకిచ్చేదానిని వారు దానం అనలేదు, సన్మానం అనలేదు. అది అతని మిరాశి. ఫలానా ఊళ్ళు ఫలానా ఇంటివారివి, ఆ ఊళ్ళలో వారికి రావలసింది రావాలి. ఇయ్యకపోతే నిలదీసి అడిగే హక్కు కథకునకు ఉండేది. మగ్గం ఆడినన్నాళ్ళూ కథ ఆడింది. మగ్గాలు పడి, కొడకండ్లవంటి నేత ఊళ్ళనుంచి జనం సూరతుకూ భివండికీ షోలాపురానికీ పోయిన తరువాత, వాడలో వినేవారు తగ్గారు, పటం విప్పేవారూ తగ్గారు. కాబట్టి బట్టల దుకాణంలో కథ చదవడం ఏదో క్రొత్త అపచారమని నేను అనుకోను. తెగిపోయిన ఒక పోగును ముడివేయడానికి వీలున్నదా అని మాత్రమే చూస్తున్నాను.

వ్యాపారి సొమ్ము తగిలితే సాహిత్యం మైలపడుతుందనేవారికి ఒక్క పేరు చాలు: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని నడిపారు. సంగీత సభలలో అమృతాంజనం డబ్బీలను ఊరకే పంచిపెట్టేవారని చెబుతారు. భారతిలో తమ వ్యాసం పడితే చాలుననుకొన్న పండితులెవ్వరూ ఆ పుటల వెనుక మందువాసన వచ్చిందని ముక్కు మూసికోలేదు.

ఇక మన ఊళ్ళలోని సాహిత్య సభల సంగతి. దీనిని గూర్చి కొంచెం నిష్ఠురంగానే చెప్పాలి. సభ ఆరు గంటలకని ఆహ్వానపత్రంలో ఉంటుంది. ఏడున్నరకు మొదలవుతుంది. వేదికమీద పదకొండుమంది, ఎదురుగా ముప్పైమంది. ఆ ముప్పైమందినీ ఇరవై ఏండ్లుగా నేనెరుగుదును. అందరూ మగవారే, దాదాపు అందరూ నావంటి పింఛనుదారులే, అందరూ కవులే. ఎవరి పుస్తకాన్ని ఎవరూ కొనరు; ఒకరికొకరు ఇచ్చుకొంటారు. ఆడవారు ఎందుకు రారని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు బాధపడతారు. రాత్రి తొమ్మిదింటికి ముగిసే సభకు, ఇంట్లో వంట విడిచి, మూడవ అంతస్తులోని హాలుకు వారు ఏ ధైర్యంతో రావాలి? అదే ఇల్లాలు బట్టల దుకాణంలో మధ్యాహ్నం రెండు గంటలసేపు కూర్చొంటే అత్తగారు గాని మగడు గాని ఎక్కడికి పోయావని అడగరు. అడిగినా సమాధానం చేతి సంచిలో ఉంటుంది. మా చిన్ననాడు జనగామ బట్టల కొట్లలో తెల్లని పరుపులు, గుండ్రని దిండ్లు వేసి ఉండేవి. చెప్పులు విడిచి ఎక్కి కూర్చొనేవారు. గుమాస్తా తానులు విప్పి పరుస్తూనే ఉండేవాడు, సేటు ఉద్దెర ఖాతా వ్రాసికొంటూ ఉండేవాడు. కొన్నా కొనకపోయినా ఊరి ఆడవారికి పగటిపూట నాలుగు మాటలు చెప్పుకొనడానికి దొరికిన చోట్లలో అదొకటి. ఈనాటి బొటిక్కు ఆ పరుపుకు వారసురాలు. నడిపేదీ ఆడమనిషే, వచ్చేదీ ఆడవారే, లోపల మిషను తొక్కే దర్జీ ఒక్కడు తప్ప.

నేను మొదట వెళ్ళినది జనగామలో అటువంటి చోటికే. నడిపే అమ్మాయి ఒకప్పటి నా విద్యార్థిని. "సారూ, మీరు మాకు తొమ్మిదిల చెప్పిన సోమనాథుని బట్టల పేర్లు ఇక్కడ చెప్పాలె" అని అడిగింది. నా పుస్తకం ఏదో చదవమంటుందేమోనని పోయిన నాకు అది మరింత బాగుండెననిపించింది. పదిహేడుమంది కూర్చొన్నారు, నేలమీద తివాచీ వేసికొని. బట్టల పేర్లు చెప్పి, సోమనాథుని కాలం చెప్పి, తరువాత మా వరంగల్లు ప్రాంతపు కవయిత్రి జూపాక సుభద్ర కొంగును గూర్చి వ్రాసిన కవితను చదివి వినిపించాను. కష్టం చేసికొనే ఆడమనిషికి కొంగు సిగ్గు బిళ్ళ కాదు, పనిముట్టు అని చెప్పే కవిత. సాహిత్య సభలలో ఆ కవిత చదివితే చప్పట్లు కొట్టి ఊరుకొంటారు. ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక పెద్దామె తన కొంగును చూచుకొని, "మా అవ్వ దీంట్లనే పైసలు ముడేసేది, దీంట్లనే ఒడ్లు తెచ్చేది, దీంతోనే నా ముక్కు తుడిచేది" అన్నది. ఆ తరువాత ఇరవై నిమిషాలు నాకు పని లేకపోయింది. వారే మాట్లాడుకొన్నారు. లోపలి దర్జీ మిషను ఆపి గుమ్మంలో నిలబడ్డాడు. ఏడు పుస్తకాలు అమ్ముడుపోయినాయి. నవ్వకండి, మా ఊరి సభలో ఏడు పుస్తకాలు డబ్బిచ్చి కొన్నది నేను చూడలేదు.

రెండవ అనుభవం మరొక ఊరిలో, కొంచెం పెద్ద దుకాణంలో. వాకిట కట్టిన బ్యానరుమీద నా పేరుకంటె "ముప్పై శాతం తగ్గింపు" పెద్దదిగా ఉన్నది. అది సహజమే, ఆ దుకాణం వారిది. కాని నేను చదువుతూ ఉండగా మధ్యలో మైకు తీసికొని, రెండు కొన్నవారికి మూడవది ఉచితమని ప్రకటించారు. మళ్ళీ మైకు నాకిచ్చి, "కానీయండి సార్" అన్నారు. చదువు ముగిసిన తరువాత పుస్తకాలను గల్లాపెట్టె ప్రక్కన పెట్టి, అయిదువేల పైన కొన్నవారికి ఒకటి ఊరకే ఇచ్చారు. ఊరకే ఇచ్చిన పుస్తకాలకు వెల కట్టి ఇస్తారా అని అడిగితే, మీకు ప్రచారం కదా అన్నారు. శాలువా కప్పారు. నా మిత్రులు భయపడుతున్నది ఇటువంటిదానికే అయితే వారితో నాకు పేచీ లేదు. పోతన కథ వర్తించేది కూడా ఇక్కడే. రాజు స్థానంలో దుకాణం వచ్చి, అవతారిక స్థానంలో బ్యానరు వచ్చింది. పైగా రాజు అగ్రహారమైనా ఇచ్చేవాడు.

శాలువా మాట వచ్చింది కనుక ఆగి చెబుతాను. నా బీరువాలో నలభైకి పైగా శాలువాలున్నాయి. చలికి పనికిరావు, చీదినా పీల్చుకోవు. ఒక్కటైనా మా జిల్లాల మగ్గంమీద నేసినది కాదు. అన్నీ ఎక్కడో మరమగ్గాలమీద పుట్టిన నూలులేని నూలువస్త్రాలు. తెలుగు రచయితను గౌరవించడానికి తెలుగు నేతగానిని విడిచిపెట్టి, సూరతు మిల్లును గౌరవించే పద్ధతి మనం ఎప్పుడు నేర్చుకొన్నామో తెలియదు. ఏటా ఆగస్టు 7న చేనేత దినం చేస్తారు. సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజున తెలంగాణ భాషా దినోత్సవం చేస్తారు. రెంటికీ నెల రోజుల ఎడం. రెండు చోట్లా అదే పాలియెస్టరు శాలువా.

అందుచేత నేను పిలిచినవారికి ఇప్పుడు ముందే చెబుతున్నాను. శాలువా వద్దు. కప్పక తప్పదంటే కొడకండ్లలోనో వరంగల్లు కొత్తవాడలోనో నేసిన తువ్వాలు ఒకటి తెప్పించండి, రోజూ వాడుకొంటాను. చదివినందుకు దర్జీకిచ్చే కూలిలాగే కూలి కట్టండి. ఒక రవికెకు మగ్గం పని చేయించడానికి వేలు ఇచ్చేవారు, ఒక సాయంకాలపు చదువుకు అయిదువందలు అడిగితే సరస్వతిని అమ్ముకొంటున్నాడనడం న్యాయం కాదు. పుస్తకం దాని వెలకే అమ్మాలి. తగ్గింపులో కలపకూడదు, కానుకగా పడవేయకూడదు. (అచ్చుపుస్తకానికి జీఎస్టీ లేదు, చీరకు ఉన్నది. ఏలినవారు కూడా ఈ రెంటినీ ఒక గాట కట్టలేదు.) చదివే అరగంట గల్లాపెట్టె మూసి ఉంచాలి. ఈ మాటలు విని ఒకరు పిలుపును వెనుకకు తీసికొన్నారు. మంచిదే.

మహబూబాబాదు సంగతి వేరు. దాశరథి సోదరులు పుట్టిన చినగూడూరు ఇప్పుడు ఆ జిల్లాలోనే ఉన్నది. కృష్ణమాచార్యులవారు నిజామాబాదు జైలులో గోడమీద బొగ్గుతో పద్యం వ్రాస్తే కాపలావారు తుడిచివేసేవారు, ఆయన మళ్ళీ వ్రాసేవారు. అదే జైలులో ఆయనతోబాటు ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి, బయట ఉన్నపుడు దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలను మోసుకొని ఊరూరూ తిరిగి అమ్మినవాడు. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన ఆ రోజులలో వారు వేదిక ఎక్కడ అని అడగలేదు. కాని మానుకోట బొటిక్కులలో నేను వినదలచుకొన్నది దాశరథి పద్యం కాదు. ఆ జిల్లా తండాల జిల్లా. అద్దాలు, గవ్వలు, రంగుల దారాలతో లంబాడా స్త్రీలు కుట్టే కుట్టుపనిని ఇప్పుడు చేతిసంచులమీద, రవికె చేతులమీద వేసి మంచి వెలకు అమ్ముతున్నారు. కుట్టినామె ఎవరో కొన్నవారికి తెలియదు. వారి భాషకు సొంత లిపి లేదు, పాట ఉన్నది. పెండ్లిలో అత్తవారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడే పాటను ధావ్లో అంటారు. ఆ పేరుతోనే రమేశ్ కార్తీక్ నాయక్ అనే యువకుడు తెలుగులో కథల సంపుటి వెలువరించగా, దానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ కథ ఒకటి చదివి, తండానుంచి వచ్చిన అవ్వచేత ఆ పాట పాడించి, ఆ తరువాత ఆ కుట్టు చూపి వెల చెప్పండి. అప్పుడు బేరమాడేవారి గొంతు కొంచెం తగ్గుతుంది.

భూపాలపల్లిలో ఎట్లా జరుగుతుందో ఇంకా ఊహకు రావడం లేదు. సింగరేణి గనుల ఊరు. మగవారి రోజంతా షిఫ్టుల లెక్కన నడుస్తుంది, ఆడవారి రోజు ఆ షిఫ్టుల వెంట నడుస్తుంది. అందరికీ కుదిరే సాయంకాలం అంటూ ఉండదు. అయితే ఆ జిల్లాలోని మహదేవపురంవైపు దసలిపట్టు ఉన్నది. మద్దిచెట్లమీద పురుగును సాకి, కాకులనుంచి చీమలనుంచి కాపాడి, గూళ్ళు కోసి తెచ్చేది అడవి అంచున బ్రతికేవారు. మల్బరీ పట్టు మెరుస్తుంది. దసలిపట్టు మెరవదు, ఎండిన గడ్డి రంగులో గరుకుగా ఉంటుంది. పురుగును సాకిన మనిషే వచ్చి ఒక అరగంట చెబితే, నావంటివాని కథకంటె అదే బాగుంటుంది. రచయిత అంటే అచ్చయినవాడే కావాలన్న నియమం కూనపులివారి వాడలో లేదు కదా.

మిత్రులలో ఒకరు కొంత మెత్తబడ్డారు. రెండవవారు ఇంకా పోతనతోనే ఉన్నారు. ఉండనీయండి, మంచి తోడే. ఇంతలో ఆషాఢం రానున్నది. పెండ్లిళ్ళులేని నెల కనుక మన వర్తకులు దానిని తగ్గింపుల నెల చేశారు. కాళిదాసు యక్షుని విరహానికి ఆ నెల మొదటి రోజునే ఎంచుకొన్నాడు. ఆ సాకుతో జనగామలోని నా విద్యార్థిని ఈసారి మేఘదూతం చెప్పమంటున్నది. రామగిరినుంచి అలకకు పోయే దారిలో మేఘం ఎన్ని ఊళ్ళు చూస్తుందో అన్ని ఊళ్ళ చీరలు పెట్టుకొంటానంటున్నది. చందేరి దొరుకుతుందట, మహేశ్వరి కూడా. ఉజ్జయినికి ఏ చీర పెట్టాలో తెలియక ఇద్దరమూ ఆలోచిస్తున్నాము. మీలో ఎవరికైనా తెలిస్తే వ్రాయండి. మీ ఊరి దుకాణాలలో ఇటువంటి చదువులు జరిగి ఉంటే, చదివినవారికి ఏమిచ్చారో కూడా దాచకుండా వ్రాయండి.